గొట్టానికి రెండు కొసలు

ఏప్రిల్ 11

తేదీ వేశావా? వెయ్యి. ఆ తర్వాత నేను ఏం చెప్తే అది రాయి. నీ బడి తెలివి నా మాటల్లో కలపకు. నేను తిట్టిన చోట తిట్టే రాయి.

నా పేరు మాషీ. ఇది రాసేదాని పేరూ మాషీయే. నా కూతురి కూతురు, ఊళ్ళో బడి పంతులమ్మ. మా హునీ కుయిన్ తెగలో ఆడపిల్లకి అమ్మమ్మ పేరే వస్తుంది. కాబట్టి ఇది ఇద్దరి రాత కాదు. ఒక మాషీ చెప్తుంది, ఒక మాషీ రాస్తుంది, మధ్యలో మూడో మనిషి లేదు. ఎవరికీ చదివి వినిపించేది కాదు. ఏరు తగ్గి ఇసుక తేలాక ఊరంతా కూర్చుంటుంది. ఆ రోజు నా నోరు తడబడకూడదు. నేతకి కూర్చునే ముందు నూలు పేర్చుకోమా? అలా మాటలు పేర్చుకుంటున్నాను.

విషయం ఇది. నా దగ్గర ఒక గొట్టం ఉంది. పొడుం ఊదే గొట్టం. దాన్ని కాల్చెయ్యమంటున్నారు. నేను కాల్చనివ్వను.

పోయినవాళ్ళ వస్తువు ఇంట్లో ఉంచకూడదట. నాకు చెప్తారా! కంట్లో ఉండే ప్రాణం ఆకాశానికి పోతుంది. నీడ మాత్రం ఇంటి చుట్టూ తిరుగుతుంది, నా ఊయల ఏది, నేను గంజి తాగే సొరబుర్ర ఏది అని. ఏదీ కనబడకపోతే విసుగొచ్చి వెళ్ళిపోతుంది. పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన మాట. ఆయన ఊయల నేనే నిప్పులో వేశాను. విల్లు నేనే విరిచాను. జుట్టు కోసుకున్నాను, చూడు, ముళ్ళపందిలా ఉన్నాను. పేరు పలకడం లేదు. బతికున్నప్పుడు మాత్రం పలికానా? బావా అనేదాన్ని. మా మేనత్త కొడుకు.

కానీ గొట్టం ఆయనది కాదు. నోటి వైపు ముక్క కొంగ ఎముక, అది ఆయన తెచ్చాడు. ముక్కు వైపుది వెదురు, అది నేను కోశాను. రెండూ అతికించిన మైనం నేను కాచింది. పైన చుట్టిన నూలు నేను వడికింది. పెళ్ళైన ఏడాది చేసుకున్నాం. అప్పట్నుంచి ఆ కొసన ఆయన ఊదాడు, ఈ కొసన నేను పీల్చాను.

ఏ సగం కాలుస్తారు? చెప్పమను మా అల్లుణ్ణి.

ఏప్రిల్ 12

నిన్న చెప్పింది మొదటి మాట. రెండో మాట అంతకన్నా పెద్దది. ఇది సభలో ముందు చెప్పాలో, చివర చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

పొడుం ఎప్పుడూ రెండు ముక్కులకీ ఊదాలి. ఎడమది ముందు. అది చావు వైపు. లోపల కుళ్ళిందీ, ఏడ్చిందీ, పట్టుకు వేలాడుతున్నదీ అక్కణ్ణుంచి కదులుతుంది. తర్వాత కుడిది. అది బతుకు వైపు. ఎడమదానికి ఊది కుడిదాన్ని వదిలేస్తే మనిషి సగం లేచి సగం కూలబడి ఉంటాడు. ఏ పిచ్చివాడూ అలా వదలడు.

వానల నడుమ ఒక పొద్దున నాకు తల బరువుగా ఉందంటే బావ గొట్టం తీశాడు. కొత్త పొడుం. పొగాకు నేనే నిప్పుల మీద ఎండబెట్టి దంచాను. బెరడు బూడిద ఆయన కలిపాడు. నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు ఊదే ముందు: "తల వంచకు, మరదలా."

ఎడమ ముక్కుకి ఊదాడు.

నాకు కళ్ళు తిరిగి, నీళ్ళు కారి, కళ్ళు మూసుకుని కుడిదానికి ఎదురు చూస్తున్నాను. ఎంతసేపు చూసినా గొట్టం రాలేదు. ముసలోడు పొడుం ఒలకబోసుకున్నాడేమో అనుకుని, కళ్ళు తెరవకుండానే, "ఏం బావా, నిద్రపోయావా?" అన్నాను.

నవ్వుతూ అన్నాను.

చాలు ఇవాళ్టికి. పొయ్యి ఆరిపోతోంది.

ఏప్రిల్ 15

ఎడమ కంటి నుంచే నీళ్ళొస్తున్నాయి. కుడి కన్ను ఎండిన ఏరు. రాసి పెట్టు, ఇది సాక్ష్యం.

ఏప్రిల్ 19

మా అల్లుడు సియా పై ఊళ్ళ నుంచి వచ్చాడు. వాడు నా తమ్ముడి కొడుకు. ముక్కు తుడిచి, అరటిపండు గంజి పోసి పెంచాను. ఇప్పుడు బావ తర్వాత ఊరికి వైద్యం చేసేది వాడే. గడప దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"అత్తా, గొట్టం ఇయ్యి."

"తిన్నావా, పెట్టనా అని అడగవు. వస్తూనే గొట్టమా?"

"తినే వచ్చాను. గొట్టం ఇయ్యి అత్తా. మామయ్య నీడ నలిగిపోతోంది."

"నీ కల్లోకొచ్చి చెప్పాడా? నా దగ్గరికి రానివాడు నీ దగ్గరికొచ్చాడా?"

కుడి ముక్కు సంగతి చెప్పాను. తల పట్టుకుని కాసేపు ఆలోచించాడు. మంచివాడే. "అలాగైతే కుడిదానికి నేను ఊదుతాను. నా గొట్టంతో. అప్పుడు అది కాల్చేద్దాం" అన్నాడు.

"ఎడమదానికి మొగుడు, కుడిదానికి అల్లుడా? సిగ్గులేదురా?" అన్నాను.

పక్కింట్లోంచి మా వదిన నాషిమా పళ్ళు లేని నోటితో నవ్వింది. బావకి అక్క. చెవుడని ఊరంతా అనుకుంటుంది. తనకి కావలసింది మాత్రం అడవి అవతల అన్నా వినబడుతుంది.

"ఇచ్చెయ్యవే మాషీ. మా తమ్ముడు బతికుండగానే నీ నోటికి జడిసి చేపలకి పోయేవాడు. పోయాకైనా వదిలిపెట్టు."

"వదినా, నువ్వు నీ చెవుడు చూసుకో."

అల్లుడు వెళ్ళిపోయాడు. వెళ్తూ ఒక మాట అన్నాడు, అదీ రాయి. "ఏడుపులో ఉన్న మనిషి ఎవరికీ ఊదకూడదు అత్తా. ఊపిరంటే ఏమిటి? లోపలున్నదే కదా బయటికొచ్చేది."

నేను ఏడుపులో లేను.

ఏప్రిల్ 20

గంజి రెండు బుర్రల్లో పోశాను. చేతి అలవాటు. రెండోది చీమలు తిన్నాయి.

ఏప్రిల్ 24

దానీ సంగతి. దానీ నా కూతురు, సియా పెళ్ళాం, ఇది రాస్తున్నదాని తల్లి. తండ్రి పోయిన నాటి నుంచి ఊయల దిగడం లేదు. చేపా వద్దు, పెండలమూ వద్దు. పొడుం దంచేటప్పుడు తండ్రి ఒడిలో కూర్చుని తుమ్మేది చిన్నప్పుడు. అంత ప్రేమ. మొగుడు ఊదితే వద్దంది. "నాన్న ఊదినట్టు లేదు" అందట. అల్లుడు పడవెక్కి కింది ఊరికి పోయాక నన్ను పిలిచింది.

"అమ్మా, నాన్న గొట్టంతో ఊదు."

అది అడిగింది. రాశావా? అది అడిగింది. నేను నా అంతట నేను పోలేదు.

నేను ఎప్పుడూ పీల్చిన కొసనే గానీ ఊదిన కొసన లేను. ఎముక పళ్ళ మధ్య పెట్టుకుంటే ఆయన పళ్ళు అరగదీసిన గుంట నాలిక్కి తగిలింది. ఆ గుంటలో నా పన్ను సరిగ్గా కూర్చుంది. ఎడమదానికి ఊదాను. కుడిదానికి ఊదాను. నేను ఏదీ సగంలో వదల్లేదు.

దానీ వెనక్కి వాలింది. కాసేపటికి లేచి కూర్చుని గంజి తాగింది. బుర్ర నిండా తాగింది. అదీ రాయి. సభలో అడుగుతాను: గొట్టంలో చెడు ఉంటే పిల్ల గంజి తాగుతుందా?

ఏప్రిల్ 25

నిన్న ఒక మాట చెప్పలేదు. అంత ముఖ్యం కాదు.

గంజి తాగి బుర్ర నా చేతికిస్తూ దానీ, "ఉప్పు తక్కువైంది, మరదలా" అంది.

నేను సరిగ్గా వినలేదేమో.

ఏప్రిల్ 28

దానీకి ఊదాను. అడిగింది.

ఏప్రిల్ 30

దానీకి ఊదాను. నోరు తెరిచి అడగలేదు గానీ, అడిగినట్టే చూసింది.

"వేరుశెనగకి ఇసుక ఎక్కడ తేలింది, మరదలా?" అంది. బావ ఏటా అడిగే మాటే. వానలు వెనకపట్టగానే మొదలుపెట్టేవాడు, రోజూ అదే పాట. నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడు విసుక్కోలేదు. ఇంకా తేలలేదు బావా అన్నాను.

ఈ పిల్ల పెన్ను ఆపి నా మొహం చూస్తోంది. ఏమే, చెయ్యి నొప్పా? రాయి.

మే 2

రెండో బుర్ర ఖాళీగా ఉంది పొద్దున. కుక్క తాగి ఉంటుంది.

మన ఇంట్లో కుక్క లేదు అమ్మమ్మా అంటోంది ఇది. పక్కింటి కుక్క.

పక్కింట్లోనూ లేదట. ఊళ్ళో కుక్కలన్నిటి లెక్కా నీ దగ్గరే ఉందేమిటే?

మే 4

ఊదాను. అడగబోయింది. పెదవి కదిలింది.

నేను కళ్ళు మూసుకుని కూర్చుంటాను. కళ్ళు మూసుకుంటే దానీ కనబడదు. గొంతు దానీదే, కాదనను. కానీ మాట విరుపు, మధ్యలో గొంతు సవరించుకోవడం, చివర చిన్నగా ముక్కుతో నవ్వడం. అవి ఎక్కణ్ణుంచి నేర్చుకుంది?

తండ్రి దగ్గర నేర్చుకుంది అమ్మమ్మా, నలభై ఏళ్ళు విన్నది కదా అని ఈ పంతులమ్మ అంటోంది. సరే, అలాగే అనుకో. నేర్చుకున్నదైతే మరీ మంచిది. అప్పుడు భయం దేనికి?

ఆయన నీడ రాలేదు. నేను చూడలేదు.

మే 5

ఇవాళ దానీ గంజి తాగలేదు. ఉక్కపోత. ఎవరికి తినబుద్ధవుతుంది?

మే 7

ఏరు తగ్గుతోంది. పడవలు తిరుగుతున్నాయి. అల్లుడు ఇంకా రాలేదు. దారిలో ఎక్కడో ఎవరికో జ్వరమట.

మా వదిన వచ్చి నా చూరు కింద కూర్చుంది. పొగాకు నములుతూ, నూలు వడుకుతున్నట్టు నటిస్తూ. దానీ ఊయల ఊగుతోంది.

"మరదలా," అంది దానీ, "అక్క వచ్చింది, చేప పెట్టు."

వదిన చేతిలో కదురు కింద పడింది. దాన్ని తీసుకోలేదు. అక్క అనే పిలుపు దానీ నోట ఎందుకు రావాలి? దానీకి అది మేనత్త.

వదిన చిన్న గొంతుతో అంది, "ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"ఏది?"

"నాకు చెవుడు లేదని నీకు తెలుసు. ఎన్నాళ్ళ నుంచి?"

"మూలుగుతోంది వదినా. కలవరింత."

"మాషీ. మా తమ్ముడు బతికుండగా నీతో రోజుకి నాలుగు మాటలు మాట్లాడేవాడు కాదు. పోయాక కబుర్లకొస్తాడా? వచ్చింది వాడు కాదే. వాడి నీడ. నీడకి బుద్ధుండదు, ప్రేముండదు. ఆకలి ఒక్కటే ఉంటుంది. ఆ పిల్లని చూడు. ఎవరు తింటున్నారు దాన్ని?"

నాలుగు మాటలే మాట్లాడేవాడు. నిజమే. అందులో ఒకటి మరదలా. మిగతా మూడూ వేరుశెనగ గురించి.

వదిన పోయింది. కదురు ఇక్కడే వదిలేసింది. ఇవాళ సాయంత్రం దానీకి ఊద

మే 9

అమ్మమ్మ చెప్పింది ఇవాళ నేను రాయలేదు. మొన్న చెప్తుంటే మధ్యలో లేచి వెళ్ళిపోయాను. అమ్మ చెయ్యి పట్టుకుంటే వెదురు పట్టుకున్నట్టుంది.

మే 10

(ఈ పేజీలో అక్షరాలు లేవు. నేను రాయనన్నానని అమ్మమ్మ పెన్ను లాక్కుని పాము చర్మం గీతలు గీసింది, బట్ట మీద నేసేవే. కళ్ళు మూసుకునైనా నేస్తుంది వాటిని. మధ్యలో ఒక చోట గీత తెగిపోయింది. అక్కడే ఆపేసింది.)

మే 11

రాస్తానంది. ఒక షరతు పెట్టింది పంతులమ్మ, తను అన్నది కూడా రాస్తానంది. రాయి. ఒకటే పేరు కదా, నీ మాటా నా మాటే.

అది అన్నది ఇది.

"అమ్మమ్మా, ఆ ఒక్క పిలుపు కోసం ఎన్నిసార్లు ఊదావు?"

"అది అడిగితేనే ఊదాను."

"అడిగిందా? మొన్న సాయంత్రం కళ్ళు మూసుకుని పడుకుంది. తల పక్కకి తిప్పేసింది. నువ్వు గడ్డం పట్టుకుని ఇటు తిప్పావు. నేను చూశాను."

"తల వంచకూడదు. నిటారుగా పెట్టాలి. అందుకని తిప్పాను."

"సభలో ఏం చెప్తావో చెప్పు అమ్మమ్మా. అదీ ఇదీ అన్నీ చెప్పు. కానీ అక్కడ నా ఎదురుగా చెప్పాలి. నీకు మరదలా అని పిలిచే నోరు కావాలి. నాకు మా అమ్మ కావాలి. రెండూ ఒకే నోట్లో ఉన్నాయి."

చెంప మీద కొట్టాను. రాయి, కొట్టాను. ఇది కదల్లేదు. ఎడమ చెంప. కుడి చెంప కూడా చూపించి, "ఇదీ కొట్టు, సగంలో వదలవు కదా" అంది.

నోరు నాదే దీనికి. పేరొక్కటే కాదు.

మే 12

ఇవాళ ఊదలేదు.

మే 13

ఊదలేదు. దానీ, "మరదలా, మరదలా" అంటూ పొద్దంతా పిలిచింది. నేను పలకలేదు. పొలానికి పోయి పెండలం తవ్వాను. పొలం దాకా వినబడింది. అంత నీరసంగా ఉన్న మనిషి గొంతు అంత దూరం రాదు. నాకు తెలుసు. అయినా వినబడింది.

గొట్టం నడుం బట్టలో దోపుకుని పోయాను. చెట్టు కింద కూర్చుని వెదురు కొస కుడి ముక్కుకి పెట్టుకున్నాను. ఊరికే. వాసన చూద్దామని. అవతలి కొసన ఎవరూ లేరు. పొడవాటి గొట్టం ఇది, తనకు తాను ఊదుకునేది కాదు. ఇద్దరుంటేనే పని చేస్తుంది. అందుకే చేసుకున్నాం దీన్ని.

ఎవరూ ఊదలేదు. అవతలి కొస నా ఒళ్ళో పడుంది. కానీ వెచ్చగా ఉంది.

మే 16

అల్లుడొచ్చాడు. దానీని చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఊయల పక్కన కూర్చుని పెళ్ళాం పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. దానీ వాణ్ణి చూసి, "ఎప్పుడొచ్చావు అల్లుడా?" అంది.

వాడు నా వైపు తిరిగాడు. వాడికి ఏడేళ్ళప్పుడు తేలు కుట్టింది. ఆ రోజు చూశాను ఆ మొహం, మళ్ళీ ఇవాళ చూశాను.

"అత్తా," అన్నాడు. "సభ అక్కర్లేదు. ఊరిని పిలవను. నీ మీద ఎవరూ ఏమీ అనరు. చెప్పు, ఏం చేద్దాం?"

పేర్చుకున్న మాటలన్నీ వాడు ఒక్క దెబ్బకి వృథా చేశాడు. పోట్లాడేవాడితో పోట్లాడగలను. కాళ్ళు పట్టుకుని కూర్చున్నవాడితో ఏం పోట్లాడను?

మే 17

పొద్దున్నే దీన్ని లేపాను. తేదీ వెయ్యి, గట్టిగా వెయ్యి. అల్లుణ్ణి, వదినని పిలిపించాను. వాళ్ళ ముందు చెప్పిందే ఇక్కడ చెప్తున్నాను.

"గొట్టం మీద నా వాదం ఒక్కటే నిలబడింది. ఎముక, వెదురు, మైనం, నూలు, అవన్నీ కబుర్లు. కుడి ముక్కు మిగిలింది. అది అబద్ధం కాదు. ఎడమదానికి ఊది మనిషి వెళ్ళిపోయాడు. ఆ మిగిలిన ఊపిరి గొట్టంలోనే ఉండిపోయింది. దాన్ని నేను తీసుకుపోయి దానీలో పోశాను. అది నాది. దానీది కాదు. నాది నాకు ఇచ్చెయ్యాలి."

"ఎలా?" అన్నాడు సియా.

"దానీ ఊదాలి. ఆ కొసన దానీ, ఈ కొసన నేను. కుడి ముక్కుకి. ఒక్కసారి."

"దానికి కూర్చునే ఓపిక లేదత్తా. ఊపిరి తీస్తే పక్కటెముకలు కనబడుతున్నాయి. ఊదితే..."

"ఊదితే పోతుందంటావు. ఊదకపోతే?"

మా వదిన అంది, "ఇన్నాళ్ళకి నువ్వు చెప్పిన మొదటి తెలివైన మాట అది. కానీ మాషీ, తీసుకున్నాక మళ్ళీ లోపల దాచుకుంటావా?"

"కాల్చేది నేనే. నా చేత్తో."

"గొట్టం సరే. నీ సంగతి?"

లేచి నిప్పుకి కట్టెలు ఏరడానికి పోయాను.

అదే రోజు, మధ్యాహ్నం

ఏటి ఒడ్డున ఇసుక తేలిన చోట నిప్పు వేశాం. దానీని అల్లుడు ఎత్తుకొచ్చి వెనకాల కూర్చుని తన ఒంటికి ఆనించుకున్నాడు. పొడుం కొత్తది కాదు. బావ తను పోయిన పొద్దున కలిపినదే, బుర్ర అడుగున కొంచెం మిగిలింది. అది కూడా దాచానని ఎవరికీ తెలియదు. అందరూ చూశారు, ఎవరూ అడగలేదు.

వెదురు కొస నా కుడి ముక్కుకి పెట్టుకున్నాను. ఎముక కొస దానీ పెదాల మధ్య నేనే పెట్టాను. దాని కళ్ళు నన్ను చూస్తున్నాయి. ఎవరి కళ్ళో చెప్పలేను. నేను కళ్ళు మూసుకున్నాను.

"తల వంచకు, మరదలా."

నేను తల వంచలేదు.

మొదట ఏమీ రాలేదు. ఏరు పారే చప్పుడు వినబడింది. తర్వాత చిన్నగా, దోమ ఊదినట్టు. ఇంతేనా అనుకున్నాను. ఆ తర్వాత వచ్చింది. అంత ఊపిరి దానీ ఒంట్లో లేదు. ఆ ఎముకల్లో పట్టదు. పొడవుగా, ఒకే తీరుగా, చివర చిన్నగా తెంపి. ఆయన తప్ప అలా ఎవరూ తెంపరు. వెన్నులోంచి నడి నెత్తి దాకా పోయింది. నేను ఇసుకలో పక్కకి పడ్డాను. నోట్లోంచి, ముక్కులోంచి అన్నీ కారుతున్నాయి. కుడి కంట్లోంచి నీళ్ళు. వేడిగా. ఆగలేదు.

కళ్ళు తెరవకుండానే అడిగాను, "ఏం బావా, నిద్రపోయావా?"

నవ్వుతూ అడగలేదు ఈసారి.

ఎవరూ పలకలేదు. చాలాసేపు చూశాను. పలకలేదు. అప్పుడు కళ్ళు తెరిచాను. దానీ మొగుడి భుజం మీద తల వాల్చి ఉంది. పోయిందనే అనుకున్నాను. ఈ పిల్ల కేక పెట్టింది. మా వదిన దానీ ముక్కు కింద చెయ్యి పెట్టి, "అరవకే, నిద్రపోతోంది" అంది. "నిద్ర. మామూలు నిద్ర. గురక పెడుతోంది చూడు, తల్లి పోలిక."

లేచాను. నూలు విప్పాను. మైనం గోటితో గీకాను. ఎముక ఒక చేతిలో, వెదురు ఒక చేతిలో. అల్లుడు చూస్తున్నాడు, ఏ సగం వేస్తానో అని. రెండూ వేశాను. వెదురు వెంటనే అంటుకుంది. ఎముక మొండికేసింది, ఆయనలాగే. చాలాసేపటికి టప్పున పగిలింది.

మిగిలిన పొడుం వేశాను. కదురు మా వదినకి ఇచ్చేశాను. మైనం చేతికి అంటుకుని ఉంది, ఇసుకతో తోమాను.

మే 18

గంజి ఒక్క బుర్రలో పోశాను. రెండో బుర్ర కడిగి బోర్లించాను.

మే 21

నువ్వు కొంచెం ఆగు మాషీ, ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఏమీ లేదు. తేదీ ఉంచు.

జూన్ 3

ఇసుక తిప్పల్లో వేరుశెనగ నాటాం. దానీ కూడా వచ్చింది, కర్ర ఊతంతో. గుంటలు నేను చేశాను, గింజలు అది వేసింది. రెండు చేపలు తింది, మొగుడి వాటా కూడా లాక్కుంది. అల్లుడు తిట్టించుకుంటూ సంతోషంగా ఉన్నాడు, వెర్రివాడు.

ఎవరూ అడగకుండానే దానీ, "ఈ ఏడు ఇసుక బాగా తేలింది" అంది. నేను చటుక్కున తలెత్తాను. అది గింజలు ఏరుకుంటోంది. మామూలుగా అన్న మాట. ఎవరైనా అంటారు.

సభ లేదు, వాదం లేదు. ఇంక దీన్ని రాయక్కర్లేదు కూడా. ఇది చివరిది రాసి, కింద పేరు పెట్టు. ఒక్కటి పెడితే చాలు, ఇద్దరికీ సరిపోతుంది.

ఆ పైన ఇది రాయి. పొద్దుట్నుంచి దానీ నన్ను అమ్మా అనే పిలుస్తోంది. నీళ్ళిమ్మని అమ్మా, గింజలిమ్మని అమ్మా, ఎండెక్కింది ఇంటికి పోదామని అమ్మా. పిలిచినప్పుడల్లా పలుకుతున్నాను.

ఒక్కోసారి కొంచెం ఆలస్యంగా.

మాషీ